ఏ మెయిల్‌కి ఏ కీతో సంతకం?

ప్రశ్న: మా సర్వర్ నుంచి మూడు డొమైన్ల మెయిల్స్ వెళ్తాయి. బిల్లులు ఒకదాని పేరుతో, న్యూస్‌లెటర్ ఇంకోదాని పేరుతో, ఉద్యోగుల మామూలు మెయిల్స్ మూడోదాని పేరుతో. అన్నిటికీ బిల్లుల డొమైన్ డీకిమ్ సంతకమే (డొమైన్ తరఫున సర్వర్ తన రహస్య కీతో మెయిల్‌కి పెట్టే డిజిటల్ సంతకం) పడుతోంది. న్యూస్‌లెటర్‌కి డీకిమ్ పాస్ అంటోంది గానీ డీమార్క్ ఫెయిల్. మెయిల్‌ని బట్టి కీ ఎంచుకునే స్క్రిప్ట్ రాద్దామనుకుంటున్నాను. దేన్ని చూసి నిర్ణయించాలి?

జవాబు: ఇందులో వింతేం లేదండీ. సంతకంలో పేరున్న డొమైనే దాన్ని పెట్టిందా, దారిలో మెయిల్ మారిందా, ఇంతవరకే డీకిమ్ చూస్తుంది. ఆ డొమైనూ ఫ్రమ్‌లో కనిపించే డొమైనూ ఒకటేనా అని అడిగేది డీమార్క్. మీ సంతకంలో డి= దగ్గర బిల్లుల డొమైన్, పైన ఫ్రమ్‌లో న్యూస్‌లెటర్ డొమైన్, ఇక ఎలా కలుస్తాయి? ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఈ సర్వర్‌కి ఉందా అని చూసే తనిఖీ) కూడా ఆదుకోలేదంటే రిటర్న్-పాత్‌లోనూ వేరే డొమైనే ఉండి ఉంటుంది.

అందుకని స్క్రిప్ట్ ముందు చూడాల్సింది ఫ్రమ్ హెడర్. చాలామంది ఎన్వలప్ సెండర్‌ని (రిటర్న్-పాత్‌లో కనిపించేది ఇదే) చూసి రాసేస్తారు, కానీ అది బౌన్సులు, అంటే మెయిల్ చేరలేదన్న కబుర్లు, తిరిగి రావడానికి ఇచ్చే అడ్రస్, పైగా బౌన్స్ మెయిల్స్‌లో ఖాళీగా ఉంటుంది. అలాగని ఫ్రమ్ ఒక్కటీ చాలదు, ఎందుకంటే అందులో ఎవరైనా ఏమైనా రాయొచ్చు. బయటి నుంచి వచ్చి మీ సర్వర్ మీదుగా ఫార్వర్డ్ అయ్యే దొంగ మెయిల్‌లో మీ డొమైన్ పేరుంటే, మీ స్క్రిప్ట్ దానికి శుభ్రంగా మీ కీతోనే సంతకం పెట్టి పంపిస్తుంది! లాగిన్ అయి పంపారా, లేదా మీ సొంత మెషీన్ నుంచి వచ్చిందా అన్నది తప్పకుండా చూడండి. ఏ డొమైన్‌కి ఏ కీ అని ఒక పట్టిక రాసుకోండి, అందులో లేని డొమైన్ వస్తే సంతకం పెట్టకుండా వదిలేయండి. ‘ఏదో ఒక కీ’ అన్న డిఫాల్ట్ వల్లే మీకీ తలనొప్పి వచ్చింది.

నిజానికి మూడు డొమైన్లకి కోడ్ కూడా అక్కర్లేదు. సంతకాలు పెట్టే ఓపెన్‌డీకిమ్ ప్రోగ్రాం వాడుతుంటే సైనింగ్‌టేబుల్, కీటేబుల్ ఫైళ్లలో నాలుగైదు లైన్లు చాలు. ఒకే ఫ్రమ్ డొమైన్‌లో బిల్లుకి ఒక సెలెక్టర్ (ఆ డొమైన్ కీలలో ఏదో చెప్పే పేరు), న్యూస్‌లెటర్‌కి ఇంకోటి కావాలన్నప్పుడు లువా స్క్రిప్ట్ దాకా వెళ్లండి. సెలెక్టర్ వేరైనా డీమార్క్‌కి పట్టింపు లేదు, పైగా ఒక కీ లీకైతే దాన్ని ఒక్కదాన్నే తీసేయొచ్చు. మెయిల్ సర్వర్ ప్రోగ్రాం ఎగ్జిమ్‌లో అయితే ఫ్రమ్ నుంచి తీసిన పేరుని నేరుగా కీ ఫైల్ పాత్‌లో పెట్టకండి, వెర్షన్ 4.94 నుంచి అది ఒప్పుకోదు. పట్టికలో వెతికి దొరికిన పేరే వాడండి.

కీ 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ, హ్యాష్ (మెయిల్ నుంచి లెక్కేసే వేలిముద్ర లాంటిది) షా-256. షా-1 వాడొద్దని 2018లోనే ఆర్‌ఎఫ్‌సీ 8301 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం తేల్చేసింది.

ఇంకొకటి, అందరూ ఇక్కడే బోల్తా పడతారు (నేనూ ఒకసారి పడ్డాను, సాయంత్రమంతా పోయింది). సంతకం అన్నిటికంటే చివర్లో పడాలి. నా సెటప్‌లో సంతకం అయ్యాక ఇంకో ప్రోగ్రాం ‘ఈ మెయిల్ గోప్యం’ అని కింద రెండు లైన్లు అతికించేది. సంతకంలో బీహెచ్= దగ్గరున్న హ్యాష్ అంతకుముందటి బాడీది, అవతల లెక్కేస్తే వేరే వస్తుంది, ఫెయిల్. దానికి విరుగుడుగా బాడీలో ఇన్ని బైట్లకే సంతకం అని ఎల్= ట్యాగ్ పెట్టమంటారు కొందరు, ఆ పని చేయకండి. అంతకు కింద ఎవరేం అతికించినా మీ సంతకం పాస్ అవుతూనే ఉంటుంది.

ప్రశ్న: డీకిమ్ ఉంటే ఇక ఎస్/మైమ్ అవసరం లేనట్టేనా?

జవాబు: కాదు. డీకిమ్‌లో సంతకం డొమైన్‌ది, ఎస్/మైమ్‌లో మామూలుగా ఆ మనిషిది. డబ్బు పంపమని చెప్పే మెయిల్స్‌కి రెండూ పెట్టండి, కానీ ఎస్/మైమ్ ముందు, డీకిమ్ తర్వాత. ఎస్/మైమ్ బాడీనే మార్చేస్తుంది కాబట్టి వరస తిప్పితే మళ్లీ పై కథే.