సైన్స్ మ్యూజియంలో కణ భౌతికశాస్త్రాన్ని జనానికి ఎలా చూపించాలి? ఎల్‌హెచ్‌సీ (కణాలను ఢీకొట్టించే భారీ యంత్రం) నమూనా దగ్గర ఎవరూ నిలబడటం లేదు.

27 కిలోమీటర్ల సొరంగాన్ని బల్లంత చేస్తే మిగిలేది ఒక గొట్టమే, ఆగరు మరి. కణం జాడ కళ్లెదుటే పడాలి. దానికి క్లౌడ్ చాంబర్‌ను (కణం వెళ్లిన దారిని ఆవిరిలో తెల్లటి గీతగా చూపే పెట్టె) మించింది లేదు.

గాజు తొట్టె పైభాగంలో ఫెల్ట్ గుడ్డ అంటించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపండి. అడుగున నల్లరంగు వేసిన లోహపు పలక, దాని కింద డ్రై ఐస్ (మైనస్ 78 డిగ్రీలు). 10-15 నిమిషాలకు పలక మీద సెంటీమీటరు మందాన ఆల్కహాల్ ఆవిరి పొర ఏర్పడి, అందులో తెల్లటి గీతలు మొదలవుతాయి. పొట్టిగా లావుగా ఉంటే ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం), సన్నగా మెలికలు తిరిగితే ఎలక్ట్రాన్, తిన్నగా సాగితే ఎక్కువగా మ్యూయాన్ (అంతరిక్ష కిరణాల వల్ల పుట్టే, ఎలక్ట్రాన్ లాంటిదే కానీ బరువైన కణం). నిట్టనిలువుగా దిగే మ్యూయాన్లు పొర పలచన కాబట్టి చిన్న గీతలుగానే కనిపిస్తాయి.

గీతలు రాకపోతే ముందు ఆల్కహాల్ చూడండి. మందుల షాపులో దొరికే 70 శాతంది పనికిరాదు, 99 శాతం కావాలి. తర్వాత మూత అంచులు: గాలి చొరబడితే పొర చెదిరిపోతుంది. లైటు పైనుంచి కాకుండా పక్కనుంచి, పలకకు ఆనుకున్నట్టు పడాలి. ఆల్కహాల్ మండుతుంది, డ్రై ఐస్ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. గాలి ఆడని గదిలో పెట్టొద్దు. రోజంతా నడవాలంటే డ్రై ఐస్ బదులు పెల్టియర్ శీతలీకరణే (కరెంటుతో చల్లబరిచే పలక) నయం.

పక్కన బోర్డు మీద ఒక్క వాక్యం చాలు: "మీ అరచేతిలోంచి సెకనుకు సుమారు ఒక మ్యూయాన్ దూసుకుపోతోంది." చెయ్యి చాపి చూసుకోనివారు తక్కువ.