శిక్ష మీద వాదనకు వెళ్లే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు ముద్దాయి తరఫున వాదిస్తున్న సెషన్స్ కేసు తీర్పు వాయిదా దగ్గరపడిందన్నావు. కేసు కొట్టేస్తే సంతోషమే. కొట్టెయ్యకపోతే ఏం చెయ్యాలన్నది మాత్రం ఇప్పుడే చూసుకోవాలమ్మా.

మామూలుగా జరిగేది నువ్వు చూస్తూనే ఉన్నావు. నేరం రుజువైందని చదివి, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని ముద్దాయిని అడుగుతారు. ‘ముసలి తల్లిదండ్రులున్నారు, పిల్లలు చిన్నవాళ్లు, కనికరించండి’ అంటాడు. తీర్పులో అది రెండు లైన్లు. అప్పీలులో నీ చేతిలో మిగిలేవీ ఆ రెండు లైన్లే. కొత్త క్రిమినల్ విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 258(2) ఇచ్చిన హక్కు అంత చిన్నది కాదు. 2024 జూలై 1 నాటికే విచారణలో ఉన్న కేసైతే పాత సీఆర్పీసీ 235(2) చూపించు. శిక్షపై వినడమంటే కాగితాలూ సాక్ష్యమూ పెట్టుకోనివ్వడం కూడా అని సుప్రీంకోర్టు 1976లోనే సంతాసింగ్ కేసులో చెప్పింది. అందుకే తీర్పు రోజున ఒక మెమో (కోర్టుకిచ్చే రాత విన్నపం) జేబులో ఉండాలి: ఏ కాగితాలు తేవాలి, ఏ సాక్షిని పిలవాలి, ఎన్ని రోజులు కావాలి. ఊరికే ‘టైమ్ కావాలి’ అంటే ఇవ్వరు. పేర్లతో అడిగితే కాదనడం కష్టం.

సాక్షులు ఇద్దరు చాలు. లెటర్‌హెడ్ మీద అడిగినవాళ్లందరికీ సంతకం పెట్టే నాయకుడు వద్దు. ముద్దాయి చేతికి డబ్బో తాళాలో ఇచ్చి పని చేయించుకున్న యజమాని, చదువు చెప్పిన మాస్టారు లాంటివాళ్లను చూడు. సాక్షికి రెండు విషయాలు ముందే చెప్పు. ఏ నేరం రుజువైందో తెలిసి రావాలి. తెలియదంటే పీపీ (ప్రభుత్వ న్యాయవాది) ఒక్క ప్రశ్నతో ముగిస్తారు. ‘వాడు అలాంటి పని చెయ్యడు’ అని మాత్రం అనకూడదు. అది ఇప్పుడే ఇచ్చిన తీర్పుతో తగవు పెట్టుకోవడం.

నడవడి నేరానికి సరిపోవాలి. కొట్లాట కేసులో కోపం గురించి చెప్పేవాడు కావాలి, దానధర్మాల గురించి కాదు. నమ్మకద్రోహం కేసులో ఇరవై ఏళ్ల మచ్చలేని ఉద్యోగం ఎదురు తిరుగుతుంది. ఆ మంచి పేరే కదా డబ్బు చేతికి అందించింది! అక్కడ తిరిగి కట్టిన సొమ్ము రసీదులు మాట్లాడతాయి.

పాత శిక్షలను పీపీ ఎలాగూ తేగలరు. నువ్వు మంచి నడవడి తలుపు తీశావో, మిగతావీ దూరడానికి చూస్తాయి. కొత్త సాక్ష్య చట్టం బీఎస్ఏ 47, 49 సెక్షన్లు పక్కపక్కనే పెట్టుకుని చదువు: మంచి నడవడికి సాక్ష్యం ఇస్తే, జవాబుగా చెడు నడవడి రావచ్చు. కాబట్టి ముద్దాయిని నిలదీసి అడుగు. పేకాట కేసులో నేరం ఒప్పుకుని ఫైన్ కట్టి మర్చిపోయి ఉంటాడు. అదీ శిక్షే. లోక్ అదాలత్‌లో చట్టప్రకారం రాజీ అయిన కేసు మాత్రం శిక్ష కాదు, నిర్దోషిగా విడుదలతో సమానం.

పీపీ తెచ్చినదాన్ని ఒక్కొక్కటీ తిప్పి చూడు. పాత శిక్ష అంటే బీఎన్ఎస్ఎస్ 334 కింద సర్టిఫైడ్ కాపీయో, జైలు అధికారి సర్టిఫికెటో, జైలుకు పంపిన కమిట్‌మెంట్ వారంటో ఉండాలి. పైగా ఆ మనిషే ఈ మనిషని రుజువు కావాలి. తండ్రి పేరు, ఊరు సరిచూడు. ఒకే పేరుతో ఒకే ఊళ్లో నలుగురుంటారు. అది అప్పీలులో కొట్టుడుపోయిందేమో కనుక్కో. పాత శిక్ష చూపి శిక్ష పెంచమంటే, ఆ సంగతి చార్జిలో, అంటే కోర్టు మోపిన అభియోగంలో, రాసి ఉందా చూడు (బీఎన్ఎస్ఎస్ 234(7)). శిక్ష వేసేలోపు కోర్టు దాన్ని చేర్చవచ్చు, అది గుర్తుంచుకో. రౌడీ షీటు పోలీసుల రికార్డే తప్ప తీర్పు కాదు. పెండింగ్ కేసులను శిక్షకు కారణంగా చూడకూడదని 2018లో రాజేంద్ర ప్రహ్లాద్‌రావు వాస్నిక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇరవై ఒకటి నిండని ముద్దాయికి యావజ్జీవం పడే నేరం కాకపోతే, జైలుకు పంపేముందు ప్రొబేషన్ అధికారి (ముద్దాయి నడవడి, ఇంటి పరిస్థితులు విచారించే అధికారి) నివేదిక కోర్టు తెప్పించుకోవాలి. 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 6 అదే. వయసుకు స్టడీ సర్టిఫికెట్ తీసుకెళ్లు. నివేదిక రహస్యమే అయినా, దాని సారాంశం చెప్పి ఎదురు సాక్ష్యానికి అవకాశం ఇచ్చే అధికారం సెక్షన్ 7లో ఉంది. రాతపూర్వకంగా అడుగు. ఊళ్లో కక్షలున్నవాళ్ల మాటలే ఆ నివేదికలోకి ఎక్కడం కొత్తేమీ కాదు.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) లాంటి చట్టాల్లో కనీస శిక్ష ఉంటే నడవడి దానికి కిందకు దించలేదు. పదహారేళ్లలోపు బిడ్డపై అత్యాచారానికి ఇప్పుడు కనీసం 20 ఏళ్లు. అలాంటిచోట కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యే నీ వాదన. బాధితురాలి నడవడి జోలికి ఏ కేసులోనూ పోకు.

మరణశిక్ష పడే అవకాశం ఉంటే లెక్కే వేరు. మనిషి మారడని సాక్ష్యంతో రుజువు చేయాల్సింది ప్రభుత్వమని బచన్‌సింగ్ కేసులో (1980) సుప్రీంకోర్టు చెప్పింది. మానసిక పరీక్ష నివేదిక, కుటుంబ నేపథ్యం, జైలు ప్రవర్తన నివేదిక తెప్పించాలనీ, వాటికి ముద్దాయి ఎదురు సాక్ష్యం ఇవ్వవచ్చనీ మనోజ్ కేసు (2022) చెప్పింది. అవి వచ్చేవరకు వాదన మొదలుపెట్టకు.

తెచ్చిన ప్రతి కాగితమూ మెమోతో దాఖలు చేసి మార్కింగ్ (ఎగ్జిబిట్ నంబరు) అడుగు. జడ్జిగారు చూసి తిరిగిచ్చేసిన కాగితం హైకోర్టు రికార్డులో ఉండదు.

ఆశీస్సులతో,
మీ సీనియర్