లోకలైజర్ అప్రోచ్‌లో ఎత్తు మిగిలిపోతుంటే

లోకలైజర్ అప్రోచ్‌లో రేడియో సంకేతం రన్‌వేకు ఎడమ-కుడి దారి మాత్రమే చూపిస్తుంది, ఎంత రేటున దిగాలో మనమే లెక్కేసుకోవాలి. మీ లెక్కలో గాలి లేదు, ఎక్కువగా అదే కారణం. సెస్నా 172లో 90 నాట్లు పట్టుకుని నిమిషానికి 450 అడుగులు దిగుతున్నా ఎత్తు మిగిలిపోతోంది అన్నారు. ఆ 90 ఎయిర్ స్పీడ్, అంటే చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. వెనక నుంచి 10 నాట్ల గాలి ఉంటే గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోల్చిన వేగం) 100, అప్పుడు 3 డిగ్రీల వాలులో దిగడానికి నిమిషానికి దాదాపు 530 అడుగులు కావాలి.

1. ఫైనల్ అప్రోచ్ ఫిక్స్‌కు (చివరి దిగుడు మొదలయ్యే చోటుకు) ముందే స్పీడ్, ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) కుదిరిపోవాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఫిక్స్ దగ్గర జీపీఎస్‌లో గ్రౌండ్ స్పీడ్ చూసి 5తో గుణించండి, ఇంకో 30 కలపండి. నిమిషానికి దిగాల్సిన అడుగులు అవే. కిందికి వచ్చేకొద్దీ గాలి మారుతుంది కాబట్టి మధ్యలో మళ్లీ చూడండి.

3. ప్రతి మైలుకూ చార్టులోని దూరం-ఎత్తు పట్టికతో పోల్చండి. 100 అడుగులు ఎక్కువుంటే దిగే రేటు నిమిషానికి 100 అడుగులు మాత్రమే పెంచి, ఒక నిమిషం తర్వాత మామూలు రేటుకు రండి. టెన్షన్‌లో ముక్కు దించేయకండి, స్పీడ్ పెరిగి లెక్కంతా మళ్లీ తప్పుతుంది.

4. మేఘాల్లో ఉండగా, ఎయిర్‌పోర్ట్ పైన 1000 అడుగులకల్లా స్పీడ్, దిగే రేటు కుదరకపోతే గో-అరౌండ్ చేయండి, అంటే దిగడం ఆపి మళ్లీ పైకెక్కండి. ఇందులో మొహమాటం వద్దు.