మేనేజరు ఫోను మోగితే గుండె దడ: ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు. పలాసలో జీడిపప్పు తయారుచేసే ఒక పరిశ్రమలో లెక్కలు రాస్తాను. రెండేళ్ల క్రితం వచ్చిన మేనేజరు చిన్న పొరపాటుకైనా అందరి ముందూ కేకలేస్తాడు. ఆయన ఫోను మోగితేనే గుండె దడ వస్తోంది. కడుపులో మంట, తలనొప్పి ఉంటున్నాయి. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మందుల షాపులో అడిగి దాదాపు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. ఇంటి దగ్గర ప్రహరీ గోడ విషయమై పక్కింటివారితోనూ గొడవే. ఇది గుండె జబ్బా? ఇలాంటి మనుషులతో ఎలా వేగాలి?
– ఒక పాఠకుడు, కాశీబుగ్గ

సమాధానం: మీరు అడిగిన రెండింటి కంటే ముందు, మాటవరసకు రాసి వదిలేసిన ఆ మాత్ర గురించి చెప్పాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కడుపు మంటను, కొందరిలో బీపీని పెంచుతాయి. నెలలో 15 రోజులు, అంతకు మించి వాడుతూపోతే తలనొప్పికి అవే కారణమవుతాయి. కిడ్నీలను కూడా దెబ్బతీస్తాయి. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఆ పక్కనే ఉన్న మీకు నేను చెప్పనక్కర్లేదు. అందువల్ల ఆ మాత్ర ఈ రోజే ఆపి, కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోండి.

ఫోను మోగినప్పుడు మాత్రమే వచ్చి కాసేపటికి తగ్గే దడ చాలావరకు గుండె జబ్బు కాదు. అయినా మీ వయసులో ఊహ మీద ఆధారపడకూడదు కనుక ఈసీజీ, థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు అవసరం. మెట్లెక్కినప్పుడు ఛాతీ పట్టేసినట్లుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా టెన్షన్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ పరీక్షలన్నీ బాగానే ఉంటే, మీ శరీరం చేస్తున్నది తన పనే. ఎదుట పాము కనిపించినా, ఫోను తెరపై మేనేజరు పేరు కనిపించినా అడ్రినలిన్ ఒకే రకంగా విడుదలవుతుంది. పాము వెళ్లిపోతే అది తగ్గుతుంది. మేనేజరు మాత్రం మీ తలపుల్లో రాత్రి మూడింటి వరకూ కేకలేస్తూనే ఉంటాడు. మిమ్మల్ని ఎక్కువగా అలసిపోజేస్తున్నది ఆ పది నిమిషాల తిట్లు కాదు, తర్వాత గంటల తరబడి వాటిని నెమరువేయడమే. ఇంట్లో ఈ సంగతి చెప్పుకోండి, కానీ పావుగంటతో ముగించండి. సాయంత్రం నాలుగు దాటాక టీ మానండి. పడుకునే ముందు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం ఐదు నిమిషాలు చేయండి. నిద్ర కోసం మద్యం తాగే అలవాటుంటే అర్ధరాత్రి మెలకువకు అదీ కారణమే.

ఇక మనుషుల సంగతి. కేకలేస్తున్న మనిషికి ఆ క్షణంలో సంజాయిషీ ఇవ్వబోవడం వల్ల కేకలు పెరుగుతాయే తప్ప తగ్గవు. గొంతు తగ్గించి, “ఏ లెక్కలో తేడా వచ్చిందో చెప్పండి సార్, సాయంత్రానికి సరిచేసి ఇస్తాను” అని ఆగిపోండి. మర్నాడు ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, “తప్పుంటే పిలిచి చెప్పండి, పదిమంది ముందు అనకండి” అని ఒక్క మాటలో అడగండి. పైనుంచి వచ్చే ఒత్తిడిని కింది వాళ్ల మీద దించుకునే మనిషైతే దీనికి కొంత మెత్తబడవచ్చు. ఎదుటివారిని చిన్నబుచ్చడమే అలవాటైన మనిషి మెత్తబడడు. అప్పుడు తేదీలతో సహా రాసిపెట్టుకుని యజమానికి చెప్పడం, వేరే పని వెతుక్కోవడం పిరికితనం కాదు. ప్రహరీ గోడ తగవు కొలతలతో తేలేది కాబట్టి, సర్వేయరు చేత కొలిపించేవరకూ ఆ మాట ఎత్తకండి.

రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బతకాలనిపించకపోయినా మానసిక వైద్యుణ్ని కలవాల్సిందే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈలోగా వారం పాటు ఉదయం, సాయంత్రం బీపీ చూపించుకుని కాగితం మీద రాసుకోండి. క్రియాటినిన్ రిపోర్టుతో పాటు దాన్ని దగ్గర్లోని ఫిజీషియన్‌కు చూపించండి.