గైడును ఎంచుకునేటప్పుడు హెచ్-ఇండెక్స్‌ను ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్సీ. జెనెటిక్స్ పూర్తిచేసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) సాధించింది. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే రెండు సంస్థల్లో ఎంపికైంది. ఒకచోట గైడు మానవ జన్యుశాస్త్రంలో పేరున్న సీనియర్ శాస్త్రవేత్త. ఆయన హెచ్-ఇండెక్స్ 52. రెండోచోట వరి జన్యువులపై పనిచేసే యువ శాస్త్రవేత్త. ఆమెది 13. పరిశోధన పత్రాలను వెతికే గూగుల్ స్కాలర్‌లో ఈ అంకెలు చూసిన మా తమ్ముడు ‘ఇంకా ఆలోచించేదేముంది, 52 ఉన్నాయన దగ్గరికే పంపు’ అంటున్నాడు. అమ్మాయి మనసు రెండోవైపు ఉంది. ఇద్దరి పత్రాల జాబితాలూ జతచేస్తున్నాను. తక్కువ అంకె ఉన్నవారి దగ్గర చేరితే నష్టపోతుందా?
– ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, జేఆర్‌ఎఫ్ రావడమే కష్టం. దానిపైన రెండుచోట్ల ఎంపిక కావడం చాలా సంతోషం. మీ తమ్ముడు గారు గైడుల వివరాలు వెతికి చూడడం మంచి పని, చాలామంది ఆ మాత్రం కూడా చూడరు. కానీ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పెద్దదాని వైపు వెళ్లమనడం సరికాదు. మీ అమ్మాయికి కావలసినదాన్ని ఆ అంకె కొలవదు.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరు రాసిన పత్రాల్లో కనీసం 13 పత్రాలను, ఒక్కొక్కదాన్ని కనీసం 13 సార్లు ఇతరులు ఉదహరించి ఉంటే వారి హెచ్-ఇండెక్స్ 13. ఈ అంకె వయసుతోపాటు పెరుగుతుందే గానీ తగ్గదు. ప్రయోగశాల మూతపడినా పాత పత్రాలను ఎవరో ఒకరు ఉదహరిస్తూనే ఉంటారు. అందుకే దాన్ని పరిశోధనలో గడిపిన ఏళ్లతో భాగించి చూసే పద్ధతిని కూడా హిర్ష్ అప్పుడే సూచించారు. మీరు పంపిన జాబితాల ప్రకారం ఆయన తొలి పత్రం వచ్చి 36 ఏళ్లయింది, ఆమెది వచ్చి 13 ఏళ్లు. భాగిస్తే ఆయనకు సుమారు 1.4, ఆమెకు 1. నాలుగు రెట్లుగా కనిపించిన తేడా ఒకటిన్నర రెట్ల లోపే తేలింది.

ఆ మిగిలిన తేడాలోనూ కొంత భాగం రంగానిది. మానవ జన్యుశాస్త్రంలో, వైద్యంలో పనిచేసేవారు లెక్కకు మించి ఉన్నారు, వారు రాసే పత్రాలూ ఎక్కువే. కాబట్టి ఉదహరించేవారూ ఎక్కువ. వరి మీద, కంది మీద పనిచేసేవారి ప్రపంచం చిన్నది. ఈ తేడాను సవరించి, ఒక పత్రాన్ని దాని రంగంలోని పత్రాలతోనే పోల్చే కొలమానం కూడా ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ‘ఐసైట్’ అనే ఉచిత సాధనంలో అది దొరుకుతుంది. అయితే అది పబ్‌మెడ్ అనే వైద్య, జీవశాస్త్ర పత్రాల సూచికలో ఉన్నవాటికే పనిచేస్తుంది. వ్యవసాయ పత్రికలు చాలావరకు పబ్‌మెడ్‌లోకి రావు గనుక రెండో గైడుకు అది కూడా పూర్తి న్యాయం చేయదు.

మన నగరంలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. తార్నాక దగ్గరి కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చాయి. గింజ నాణ్యత చెడకుండా చూసుకుంటూ, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో తరం వెంట తరం ఎంపిక చేస్తూ సాగిన ఓపికైన పని అది. 2008లో ఆ రకం విడుదలైంది. రైతుల పొలాల్లోకి వెళ్లిన ఇలాంటి పని విలువ సైటేషన్లలో, అంటే ఇతర పత్రాలు ఉదహరించిన లెక్కలో, కనిపించదు. విత్తనం వేసిన రైతు పరిశోధన పత్రాన్ని ఉదహరించడు కదా. దీన్ని ఎంత నొక్కి చెప్పినా తక్కువే, ఎందుకంటే సైటేషన్లు లేవన్న కారణంతో ఇటువంటి ప్రయోగశాలలను వదులుకుంటున్న మంచి విద్యార్థులను ఏటా చూస్తున్నాను.

ఇక సీనియర్ గారి జాబితా. అత్యధిక సైటేషన్లు వచ్చిన పది పత్రాల్లో ఏడు అంతర్జాతీయ బృందాలవి, వందల పేర్ల మధ్యలో ఎక్కడో ఆయన పేరు ఉంది. జన్యుశాస్త్రంలో ఇది మామూలే. ఈగల జన్యువుల మీద 2015లో వచ్చిన ఒక పత్రానికి వెయ్యి మందికి పైగా రచయితలు. వారిలో 900 మందికి పైగా డిగ్రీ విద్యార్థులు. ఆ పత్రానికి వచ్చిన ప్రతి సైటేషన్ వెయ్యి మంది ఖాతాల్లోనూ ఒకటిగా పడుతుంది. అలాగని ఉమ్మడి పత్రాలన్నిటినీ తీసిపారేయకూడదు. భారతీయ జనసమూహాల చరిత్రపై 2009లో నేచర్‌లో వచ్చిన పత్రం సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిందే. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్‌ఏను విశ్లేషించిన ఆ పనిలో సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్ పేరు మొదటి ఇద్దరిలోనే ఉంటుంది. కనుక పేరు ఎక్కడుందో చూడాలి. మన రంగంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగాలు చేసిన విద్యార్థిది, చివరి పేరు ప్రయోగశాల నడిపేవారిది.

అసలు సైటేషన్ సూచికలు మార్కులు వేయడానికి పుట్టినవి కావు. వాటికి ఆద్యుడైన యూజీన్ గార్‌ఫీల్డ్ వాటిని తలపెట్టింది ఒక ఆలోచన తర్వాత ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో, ఎవరు దాన్ని విమర్శించారో వెతికి పట్టుకోవడానికి. ఆయనను ప్రోత్సహించినవారిలో నోబెల్ గ్రహీత, జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ ఒకరు. 1963లో ప్రయోగాత్మకంగా వెలువడిన సూచిక కూడా జన్యుశాస్త్రానిదే. మీ అమ్మాయి దాన్ని ఆ పనికే వాడుకోవాలి. రెండో గైడు పత్రాలను ఎవరు ఉదహరించారు, ఊరికే పేరు ప్రస్తావించారా, ఆ పద్ధతిని తమ ప్రయోగంలో వాడుకున్నారా అన్నది ఓ నాలుగు పత్రాలు తెరిచి చదివితే తెలిసిపోతుంది.

గూగుల్ స్కాలర్ విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, రావు, రెడ్డి, కుమార్ వంటివి విదేశీ పత్రికల్లో ఇంటిపేరుగా అచ్చవుతాయి. అందువల్ల ఒకరి పత్రాలు మరొకరి ఖాతాలో చేరుతుంటాయి. మీరు పంపిన సీనియర్ గారి జాబితాలోనే రెండు సివిల్ ఇంజినీరింగ్ పత్రాలు కనిపించాయి. ఇందులో ఆయన తప్పేమీ ఉండకపోవచ్చు, యంత్రం తనంతట తానే చేర్చి ఉంటుంది. పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) గుర్తింపు సంఖ్య ఉంటే దాని ద్వారా సరిచూసుకోండి. పైగా గూగుల్ స్కాలర్ థీసిస్‌లను, ప్రిప్రింట్లను (పత్రికలో అచ్చు కాకముందే బయటపెట్టిన పత్రాలను) కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అక్కడి అంకె స్కోపస్ అనే మరో సైటేషన్ సూచికలోని అంకె కన్నా పెద్దదిగా ఉండడం మామూలే. ఒకరిది ఇక్కడినుంచి, మరొకరిది అక్కడినుంచి తీసుకుని పోల్చవద్దు.

డబ్బు కడితే చాలు, ఏదైనా అచ్చువేసే పత్రికల గురించి కూడా జాగ్రత్త. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసపుచ్చిందంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. గైడు జాబితాలో ఇటువంటి పత్రికలు వరసగా కనిపిస్తే నేనైతే అక్కడ చేరమని చెప్పను. అదృష్టవశాత్తూ మీరు పంపిన ఇద్దరి జాబితాల్లోనూ అవి లేవు.

మరి ఏం లెక్కపెట్టాలి? విద్యార్థులను. గత ఆరేడేళ్లలో చివరి పేరు గైడుదిగా, మొదటి పేరు అదే ప్రయోగశాల విద్యార్థిదిగా ఉన్న పత్రాలు ఎన్ని వచ్చాయో చూడండి. ఆమె జాబితాలో నాకు అలాంటివి ఐదు కనిపించాయి, ఐదింటికీ మొదటి పేర్లు వేర్వేరు. అంటే ఒక్క చురుకైన విద్యార్థి మీద ఆధారపడి నడుస్తున్న చోటు కాదది. ఆయన జాబితాలో ఇదే కాలంలో అలాంటివి రెండే ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు థీసిస్‌లను శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచుతాయి. ఎవరి దగ్గర ఎంతమంది పూర్తిచేశారో అక్కడ గైడు పేరుతో వెతకవచ్చు. మధ్యలో మానేసినవారు అందులో కనిపించరు గనుక ఆ సంగతి ఇప్పుడున్న విద్యార్థులను అడగాలి. అమ్మాయిని ఒకరోజు వెళ్లి వారితో కూర్చుని మాట్లాడమనండి. గైడు ముందు కాదు, క్యాంటీన్‌లో.

ఈ వివరాలను బట్టి నా మొగ్గు మీ అమ్మాయి మొగ్గినవైపే. ఆ విద్యార్థులు కూడా మంచిమాట చెబితే నిశ్చింతగా అక్కడ చేరమనండి.

ఒకవేళ ఇంట్లో అందరూ కలిసి సీనియర్ గారినే ఎంచుకుంటే మాత్రం ముందు ఆయన సర్వీసు ఇంకా ఎన్నేళ్లుందో కనుక్కోండి. సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలల్లో శాస్త్రవేత్తలు 60 ఏళ్లకు పదవీ విరమణ చేస్తారు, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఆచార్యులు 65కు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు ఉన్న అధ్యాపకులు కొత్త విద్యార్థులను తీసుకోకూడదని యూజీసీ 2022 నిబంధనలు చెబుతున్నాయి. మూడేళ్లు దాటి ఉన్నా సరిపోదు, ఈ రంగంలో పీహెచ్‌డీకి ఐదారేళ్లు మామూలుగా పడుతుంది. ఆయన వెళ్లాక బాధ్యత తీసుకునే సహ గైడు ఎవరో, ప్రాజెక్టు నిధులు ఎప్పటివరకు ఉన్నాయో సీటు ఖరారు చేసుకునే ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి.