‘లోపాలకు దోహదం’ అనవచ్చా?

సందేహం: నేను ఆశా కార్యకర్తను. మా ఊళ్ళో గర్భిణులకు పంచడానికి ఒక కరపత్రం రాస్తున్నాను. అందులో “గర్భిణి ఒత్తిడికి లోనైనా, ఆమెకు అంటువ్యాధులు సోకినా అవి పిండం ఎదుగుదలలో లోపాలకు దోహదం చేస్తాయి” అని రాశాను. తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైన మా మామగారు అది చూసి “దోహదం అక్కడ కుదరదమ్మా” అన్నారు. పేపర్లలో రోజూ కనిపించే మాటే కదండీ! ఇందులో తప్పేముంది?

సమాధానం: మీ మామగారు చెప్పిందే సరి. ‘ప్రమాదాలకు దోహదం’, ‘కాలుష్యానికి దోహదం’ అని పేపర్లలో రావడం నిజమే. మరోచోటైతే నేనూ చూసీచూడనట్టు ఊరుకునేవాణ్ణేమో. గర్భిణి చేతిలో పెట్టే కాగితంలో మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటే ఆ మాట పుట్టిందే గర్భిణి గురించి.

దోహదం అంటే కడుపుతో ఉన్నామెకు కలిగే కోరిక. పుల్లమామిడికాయ మీదికి, చింతచిగురు మీదికి మనసు పోవడం. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువు ఈ మాటను ఇచ్ఛ, కాంక్ష, వాంఛల పక్కనే కూర్చోబెట్టింది. సుశ్రుత సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథంలో, శరీరం గురించి చెప్పే శారీరస్థానంలో, దీనికి దగ్గరి మాట ఒకటుంది. నాలుగో నెలలో బిడ్డ హృదయం స్పష్టంగా ఏర్పడుతుంది కనుక అప్పటినుంచి తల్లి రెండు హృదయాల మనిషి కింద లెక్క, అందుకే ఆమెను ‘దౌహృదిని’ అంటారు అని చెబుతుంది. (ఇప్పుడు స్కానింగులో ఆరేడు వారాలకే గుండె కొట్టుకోవడం కనిపిస్తోంది, అది వేరే సంగతి.) మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు “అది ఒట్టిమనిషి కాదు, రెండు ప్రాణాలు” అంటారే, ఆ చూపే ఇదీ.

తర్వాత కవులు ఈ కోరికను చెట్లకు కూడా ఇచ్చారు. అశోకం పూయాలంటే అందగత్తె కాలు తగలాలన్నారు, పొగడ పూయాలంటే ఆమె పుక్కిటి మద్యం పడాలన్నారు. అలా అలా చెట్టు బాగా కాయడానికి వేసే ఎరువు, పట్టే పొగ కూడా దోహదమే అయ్యాయి. ఆ ఎరువు నుంచి వచ్చిందే ఇవాళ్టి ‘తోడ్పాటు’ అన్న అర్థం. కోరిక, దాన్ని తీర్చడం, దానివల్ల ఎదగడం: ఎక్కడ చూసినా ఈ మాటలో మేలే ఉంది. లోపాలకు దోహదం అంటే చీడకు ఎరువు వేసినట్టుంటుంది. “మంచి తిండి, నిద్ర బిడ్డ ఎదుగుదలకు దోహదం చేస్తాయి” అని రాయండి, ఆ మాట తన పుట్టింటికి వచ్చినంత హాయిగా ఉంటుంది.

మరి లోపాల దగ్గర ఏమనాలి? దీనికి వ్యాకరణం ఒక్కటే చాలదు, విషయం కూడా చూడాలి. మీరు ఒత్తిడినీ రోగాలనూ ఒకే క్రియకు కట్టేశారు. అవి రెండూ ఒకే తీరుగా పనిచేయవు.

రుబెల్లా అనే వైరస్ జబ్బు సంగతి చూడండి. సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు పుట్టుకతోనే కళ్ళలో శుక్లాలున్న పసిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు రావడం చూసి, తల్లులను అడిగి తెలుసుకున్నాడు. 1941లో ఆయన లెక్క చెప్పిన 78 మంది పిల్లల్లో 68 మంది తల్లులకు కడుపుతో ఉన్నప్పుడు, ఎక్కువగా తొలి నెలల్లో, రుబెల్లా వచ్చింది. తల్లికి ఒంటిమీద దద్దురు, కాస్త జ్వరం, అంతే. బిడ్డకు మాత్రం చూపు, వినికిడి, గుండె దెబ్బతినవచ్చు. తొలి వారాల్లో సోకితే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బిడ్డకు చేరుతుంది. ఇక్కడ “రుబెల్లా పుట్టుకతో వచ్చే చెవుడుకు ఒక కారణం” అని గట్టిగా అనవచ్చు. నీళ్ళు నమలక్కర్లేదు.

ఒత్తిడి దగ్గర అంత గట్టిగా అనడానికి లేదు. పోయినేడాది మా మేనకోడలికి ఆరో నెల నడుస్తుండగా వాళ్ళాయన ఉద్యోగం పోయింది. నేనే ఆమెను చెకప్‌కి తీసుకెళ్ళాను. మేం కూర్చున్న బెంచీకి ఎదురుగా గోడమీద ఒక పోస్టరు: “తల్లి ఒత్తిడి బిడ్డ మెదడు లోపాలకు దారితీస్తుంది.” ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, “మావయ్యా, ఇప్పటికే ఏదైనా అయిపోయుంటుందా?” అంది. నర్సు బీపీ చూస్తే ఎక్కువగా ఉంది. అరగంట ఆగి మళ్ళీ చూస్తే మామూలుగానే ఉంది. ‘దారితీస్తుంది’ అన్న ఒక్క క్రియ చేసిన పని అది. వాక్యనిర్మాణంలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, తేలని సంగతిని తేలిపోయినట్టు చెప్పడంలో ఉంది.

మనిషి కంగారుపడితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది పెరిగినదంతా బిడ్డకు చేరదు. మావిలో (మాయ అని కూడా అంటాం) ఉండే ఒక ఎంజైమ్ దానిలో చాలా భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. ఒత్తిడి తీవ్రంగా, ఎడతెగకుండా ఉంటే ఆ కాపలా సడలవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం వంటి ముప్పు పెరగవచ్చు. 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌లో మంచు తుఫాను వల్ల కొన్నిచోట్ల వారాల తరబడి కరెంటు లేదు. అప్పుడు గర్భంలో ఉన్న పిల్లలను పరిశోధకులు తర్వాత ఏళ్ళ తరబడి గమనించారు. తల్లులు ఎక్కువ కష్టాలు పడిన ఇళ్ళల్లో, రెండేళ్ళ వయసు పిల్లలకు మాటల్లోనూ, తెలివి పరీక్షల్లోనూ సగటు కొంచెం తగ్గింది. సగటు అన్నమాట గుర్తుపెట్టుకోండి. ఫలానా తల్లి బిడ్డకు ఏమవుతుందో అది చెప్పదు. కాబట్టి ఇక్కడ ‘ముప్పు పెంచవచ్చు’ అన్నదే తగిన మాట. ‘లోపాలు వచ్చే అవకాశం ఉంది’ అని కూడా రాస్తుంటారు. ఉద్యోగానికి అవకాశం, చదువుకు అవకాశం, లోపానికీ అవకాశమేనా? ముప్పు అనండి.

ఇక ‘ఒత్తిడి’. పుస్తకాల్లో బాగానే ఉంటుంది గానీ, మీ ఊళ్ళో కొందరు దాన్ని ప్రెషర్ అనుకుని బీపీ మాత్రల గురించి అడుగుతారు. జనం అనే మాట టెన్షన్, నిరభ్యంతరంగా రాయండి. అంతకన్నా మంచి మాటలు మన దగ్గర ఉన్నాయి: కంగారు, దిగులు, బెంగ. కంగారు పూటలో పోతుంది. బెంగ అలా కాదు, మనిషిని పట్టుకుని ఉంటుంది. బస్సు తప్పిపోయిందని పడే కంగారుకు బిడ్డకేమీ కాదు. తిండి, నిద్ర పోయేలా బెంగ పట్టుకుంటే డాక్టరుతో మాట్లాడాలి. ఈ తేడాను మన మాటలే చెబుతున్నప్పుడు వాడుకోకపోవడం ఎందుకు?

‘అంటువ్యాధి’ కూడా మార్చాలి. ఒకరినుంచి ఒకరికి అంటేదే అంటువ్యాధి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అలా అంటేది కాదు, కానీ వైద్యం చేయించకపోతే నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. ‘అంటువ్యాధి’ అని రాస్తే ఆ బాధ ఉన్న అమ్మాయి “ఇది నా గురించి కాదు” అనుకుని కాగితం మడిచేస్తుంది. ఇన్ఫెక్షన్‌కు పుస్తకాల్లో రాసే ‘సంక్రమణ’ అంటే సంక్రాంతి గుర్తొస్తుంది. ఇన్ఫెక్షన్ అనే ఉంచండి, ‘సోకడం’ అన్న మీ క్రియ చక్కగా ఉంది.

‘పిండం’ అన్న మాట తప్పు కాదు, శాస్త్రంలో తొలి వారాల దశకు అదే పేరు. కానీ మన ఇళ్ళల్లో ఆ మాట వినగానే గుర్తొచ్చేది వేరు. కరపత్రంలో ‘కడుపులోని బిడ్డ’ చాలు. అలాగే ‘గ్రహణం మొర్రి’ ఎక్కడైనా రాసి ఉంటే కొట్టేసి ‘పెదవి చీలిక’ అని పెట్టండి. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు, ఆ పేరు మాత్రం తల్లిని జీవితాంతం దోషిగా నిలబెడుతుంది.

సుశ్రుత సంహిత గర్భిణి కోరిక తీరకపోతే బిడ్డకు అంగవైకల్యం వస్తుందంటుంది. అది మనం నమ్మనక్కర్లేదు. కానీ ఆ హెచ్చరిక ఎవరికో చూడండి. కోరుకునే ఆమెకు కాదు, తీర్చవలసిన ఇంటివాళ్ళకు. మీ కాగితం కూడా అలాగే ఇంటివాళ్ళతో మాట్లాడాలని నా కోరిక. “టెన్షన్ పడకూడదు” అని ఆమెకు చెబితే, టెన్షన్ పడుతున్నానే అన్న టెన్షన్ ఇంకోటి మొదలవుతుంది. నేనైతే ఇలా రాస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి:

“కడుపుతో ఉన్నప్పుడు జ్వరం, ఒంటిమీద దద్దురు, మూత్రంలో మంట కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. కొన్ని ఇన్ఫెక్షన్లు కడుపులోని బిడ్డకు కూడా సోకుతాయి. రుబెల్లా టీకా గర్భిణులకు వేయరు. అందుకే చిన్నప్పుడే పిల్లలకు వేయించండి. ఎడతెగని బెంగ బిడ్డకు ముప్పు పెంచవచ్చు. ఇంట్లోవాళ్ళు ఆమె పని పంచుకోండి, ఆమె మాట వినండి, గొడవలు పెట్టుకోకండి. మంచి తిండి, కంటినిండా నిద్ర, ఇంట్లో ప్రశాంతత బిడ్డ ఎదుగుదలకు దోహదం చేస్తాయి.”

అచ్చుకు ఇచ్చే ముందు మీ మామగారికి ఒకసారి చూపించండి.