బెల్టు మీది బ్యాడ్జీలు పీకమంటారా?

ప్రశ్న: మా ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా వెళ్ళొచ్చారు. ఆయన తోలు బెల్టు ట్రంకుపెట్టెలో దొరికింది. పాములా మెలితిరిగిన ఇత్తడి కొక్కెం, పొడుగునా రకరకాల బ్యాడ్జీలు, గుండీలు, అడ్డదిడ్డంగా బెజ్జాలు. బ్యాడ్జీలు పీకేసి, కొబ్బరినూనె పట్టించి ఫ్రేము కట్టిద్దామంటున్నారు మా బావగారు. చెయ్యొచ్చా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ నూనె సీసా దూరం పెట్టించండమ్మా. రెజిమెంటులో తోలుపని చేసినవాణ్ణి, మొహమాటం లేకుండా చెబుతున్నా: మీ బావగారు పీకేద్దామంటున్నవే ఆ బెల్టుకి ప్రాణం.

1908 నుంచి బ్రిటిష్ సైన్యానికి నూలుతో నేసిన పట్టీల సామాను (బెల్టులూ అవీ) ఉండేది. 1914లో లక్షలమంది కొత్తగా చేరేసరికి ఆ పట్టీల నేత చాల్లేదు. మళ్ళీ తోలుతో, ఈ పాము కొక్కెంతోనే బెల్టులు చేయించారు. మీది అదే కావచ్చు. లోపలివైపు బాణం గుర్తుందేమో చూడండి, అది సర్కారు ముద్ర. దాని కింద ఇంగ్లీషు 'ఐ' ఉంటే ఇండియా సర్కారు సరుకు.

ఇలా బ్యాడ్జీలు గుచ్చిన వాటిని సేకర్తలు 'హేట్ బెల్టు' అంటారు. శత్రువు దగ్గర దొరికినవీ ఉంటాయి గానీ, ఎక్కువగా పక్క రెజిమెంటు వాళ్ళతో మార్చుకున్నవే. నకిలీలూ బోలెడు. ఒక బ్యాడ్జీ అంచు కొంచెం ఎత్తి చూడండి. దాని కింద తోలు రంగు చుట్టూ ఉన్నదానికంటే తాజాగా ఉంటే, అది అక్కడ చాలాకాలంగా ఉన్నట్టే.

బెజ్జాలంటారా, సైన్యంలో తిండి తక్కువై నడుము సన్నబడితే సిపాయి సాడ్లర్ (సైన్యంలో తోలుపని చేసేవాడు) కోసం ఆగడు, చేతికందిన మేకుతో పొడుచుకుంటాడు. అందుకే అంచులు చిరిగినట్టుంటాయి. వాటిని కుట్టించకండి. అసలు ఆఫీసర్ల శామ్ బ్రౌన్ బెల్టు పుట్టిందే సొంత అవసరం కోసం. 1858లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని పిలిభీత్ దగ్గర పోరులో శామ్ బ్రౌన్ అనే బ్రిటిష్ ఆఫీసరు ఎడమ చెయ్యి పోయింది. కత్తి ఒర పట్టుకోవడానికి చెయ్యి లేక, భుజం మీదుగా పట్టీ వేసి బెల్టుకి కలిపాడు. తర్వాత అదే ఆఫీసర్ల యూనిఫాం అయింది. మన పోలీసు అధికారులు పరేడ్లో వేసుకునేది ఆ బెల్టే.

ఇక జాగ్రత్తలు. నూనె పడితే తోలు నల్లబడుతుంది, జిడ్డుకి దుమ్ము పడుతుంది. తోలు ఎర్రటి పొడిలా రాలుతుంటే దాన్ని ఏ నూనే వెనక్కి తేలేదు, తాకడం తగ్గించడమే. ఇత్తడి చుట్టూ ఆకుపచ్చటి మైనంలాంటిది ఉంటే వెదురు పుల్లతో మెల్లగా గీకండి. పాలిష్ వద్దు. పాత నూలు బట్టలో చుట్టి, మడత పెట్టకుండా బీరువాలో ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే మన గోదావరి తేమకి బూజు ఖాయం.